గంప కింద ఫోను

మా బడిలో పదో తరగతి పిల్లలు ఏటా పరీక్షల ముందు నన్ను ఒకే ప్రశ్న అడుగుతారు. "టీచర్, పాటలు పెట్టుకుని చదివితే బాగా ఎక్కుతుందా, ఏమీ లేకుండా చదివితే ఎక్కుతుందా?" అడిగేది ఒకడే. వెనక బెంచీల వాళ్ళంతా చెవులు రిక్కించి ఉంటారు, ఇంట్లో వాదించడానికి వాళ్ళకు టీచరు మాట ఒకటి కావాలి. మాటలున్న పాటలైతే మనసు మాటల వెంట పోతుంది, మాటల్లేనివి పెట్టుకోండి, పుస్తకం తెరవండి అంటాను. ఇంకా సాగదీస్తే కసురుకుంటాను. పోయినేడు ఒక పిల్ల లేచి, "మీరేం పెట్టుకుని చదివారు టీచర్?" అంది. ఆ పిల్లను కసరలేకపోయాను, జవాబూ చెప్పలేకపోయాను. గంట కొట్టడంతో బతికిపోయాను. ఆ జవాబు ఇక్కడ చెబుతాను.

మాది మైపాడుకు దగ్గరలో సముద్రం ఒడ్డు పల్లె. నాన్న నా చిన్నతనంలోనే పోయాడు. అన్న పడవ మీద వేటకు పోతాడు. అమ్మ చేపలు ఎండబెట్టి అమ్మేది. ఇసుక మీద పాత వల పరిచి, దాని మీద నెత్తళ్ళనే సన్న చేపలు పోసి, ఎండ వాలేదాకా వాటిని తిరగేస్తూ, కాకుల్ని తోలుతూ కూర్చోవడం ఆమె పని. ఆ వల పక్కనే కూర్చుని నేను అఆలు దిద్దాను, అక్కడే కూర్చుని డిగ్రీ దాకా చదివాను. పడవ ఇంజన్లు, వేలంపాట కేకలు, ఆడవాళ్ళ తగువులు, కాకులు, వాటన్నిటి వెనక అలలు. అంత గోలలో చదువుతున్నానని నాకు ఎప్పుడూ తోచలేదు.

బీఈడీ అయ్యాక టీచరు పోస్టులు పడ్డాయి. నెల్లూరులో కోచింగులో చేరి, ఆడపిల్లల హాస్టల్లో దిగాను. హాస్టలు కింది అంతస్తులో చదువుకోవడానికి ఒక హాలు ఉండేది. వరసగా చెక్క గూళ్ళు, గూటికొక లైటు, ఏసీ, గోడ మీద 'నిశ్శబ్దం పాటించండి' అని ఎర్ర అక్షరాలు. మొదటి రోజు ఆ నిశ్శబ్దం చూసి మురిసిపోయాను. ఆ మర్నాటికి పిచ్చెక్కింది. ఎవరో పెన్ను మూత తీస్తే తల ఎత్తేదాన్ని. ఎవరో ముక్కు చీదితే ఇంకోసారి ఎత్తేదాన్ని. పిల్లల మనస్తత్వం మీద ఒక్క పేరా పొద్దున మొదలుపెడితే మధ్యాహ్నం భోజనానికి లేచేటప్పటికి అదే పేరా దగ్గర ఉండేదాన్ని.

నా గదిలో ఉన్న అక్కది నాయుడుపేట వైపు పల్లె, వరి పండించే ఇల్లు. నాకంటే ముందునుంచీ ఈ పరీక్ష మీదే ఉంది కాబట్టి ఆమెకు అన్నీ తెలుసు. నా అవస్థ చూసి నవ్వి, "చెవుల్లో ఏదో ఒకటి పెట్టుకోవాల అమ్మే, ఉత్తినే కూకుంటే ఎట్టా ఎక్కుద్ది?" అని తన ఫోను తెరిచింది. అందులో రకరకాల చప్పుళ్ళు పోగుచేసి పెట్టుకుంది. వాన చప్పుడు, ఫ్యాను చప్పుడు, రైలు చప్పుడు, ఎవరో వాయించే వీణ.

ముందు వాన పెట్టుకున్నాను. వాన చినుకు చెవిన పడగానే నా చేతులు ఊరుకోవు. ఎండబెట్టిన చేప ఎత్తాలి, పట్ట కప్పాలి, పరిగెత్తాలి. పుస్తకం ముందు కూర్చుని తడిసిపోయే నెత్తళ్ళ కోసం కంగారుపడే మనిషికి ఏం చదువొస్తుంది? ఫ్యాను చప్పుడుకు నిద్రొచ్చింది. వీణకు ఏడుపొచ్చింది. చివరికి అక్క, "నీ సముద్రమే ఉండాదిలే, ఇది పెట్టుకో, మీ ఊర్లో ఉన్నట్టే ఉంటది" అని అలల చప్పుడు పెట్టింది. నాకు ఒళ్ళు మండిపోయింది. అదేం సముద్రం? పడవ లేదు, కాకి లేదు, తిట్టుకునే మనిషి ఒక్కరు లేరు. అల వెంట అల, అల వెంట అల. ఊరంతా పోయి సముద్రం ఒక్కటే మిగిలితే అలాగే ఉంటుందేమో! "తీసెయ్యక్కా, నాకొద్దు" అని వైరు లాగేశాను. ఆమె ఏమీ అనుకోలేదు, మంచి మనిషి.

ఆ ఆదివారం ఇంటికి పోతే అమ్మ గోడకు ఆనుకుని కూర్చుని నిద్రపోతోంది. పడుకుంటే ఊపిరాడటం లేదట. ఏడాదిగా దగ్గుతోంది, ఉప్పు దుమ్ము వల్లనని మేమంతా అనుకున్నాం. పాదాలు చూస్తే ఉబ్బి ఉన్నాయి. మర్నాడే నెల్లూరులో డాక్టరు దగ్గరకు లాక్కుపోయాను. ఆయన గుండె బలం తగ్గిందని, ఊపిరితిత్తుల్లో నీరు చేరుతోందని చెప్పి, ఆలస్యం చెయ్యకుండా ఆసుపత్రిలో చేర్చమన్నాడు. ప్రస్తుతానికి మాత్రలు రాసిచ్చాడు.

ఆ మాత్రల పొట్లం ఒళ్ళో పెట్టుకుని, బస్టాండు బెంచీ మీదే అమ్మ తేల్చేసింది. "నీ పరీక్ష అయిపోనీ. తర్వాత నువ్వు యాడ పడుకోమంటే ఆడ పడుకుంటా."

"పరీక్ష ఎక్కడికి పోతది? మళ్ళా వస్తది."

"ఎన్నేండ్లకొస్తదే? మాత్రలిచ్చినాడు గదా, మింగతా. నువ్వు గమ్మున పోయి చదువుకో. నేను ఆసుపత్రిలో పడుకుంటే నువ్వు నా కాళ్ళకాడ కూకుంటావు. నాకు తెలీదా నీ సంగతి?"

బస్టాండులో అందరూ చూస్తుండగా పోట్లాడాను. ఏడ్చాను కూడా. మా అమ్మ మొండిది. నేనూ తక్కువదాన్ని కాదు. చివరికి ఒక షరతు పెట్టాను. పొద్దున వల దగ్గర కూర్చున్నప్పటినుంచి లేచేదాకా ఆమె ఫోను నా ఫోనుతో కలిసే ఉండాలి. మాట్లాడక్కర్లేదు. దగ్గు ఎలా ఉందో నేను వింటూ ఉంటాను. దగ్గు ముదిరిందని అనిపించిందో, పరీక్ష లేదు గిరీక్ష లేదు, పుస్తకాలు మూసేసి వచ్చేస్తాను.

అమ్మ నా వంక వింతగా చూసింది. "పోలీసోళ్ళు కూడా ఇంత కాపలా కాయరే" అంది. సరేనంది.

మర్నాటినుంచి మొదలైంది. అమ్మ ఫోను ఎండకు వేడెక్కకుండా ఇసుక మీద పెట్టి, పైన గంప బోర్లించేది. నేను హాల్లో నా గూట్లో చెవికి వైరు తగిలించుకుని కూర్చునేదాన్ని. ఎంతోసేపు అయితే లైను దానంతటదే తెగిపోయేది. మళ్ళీ చేసేదాన్ని. అమ్మ మాట్లాడకుండా ఎత్తి మళ్ళీ గంప కింద పెట్టేసేది. సాయంత్రానికి ఆ ఫోనులో చార్జింగు ఉండేది కాదు కాబట్టి, చీకటిపడే ముందు అన్న ఫోనులోంచి చేసి నాలుగు మాటలు మాట్లాడేది.

కాపలా కోసం పెట్టుకున్న ఫోను నాకు చదువు పెట్టింది. పొద్దున పచ్చి చేప తిరగేస్తే తడిబట్ట తిప్పినట్టు మెత్తగా వినపడుతుంది. ఎండెక్కే కొద్దీ ఆ చప్పుడు గరుకవుతుంది. మధ్యాహ్నానికి గలగలమంటుంది. గడియారం చూడకుండా పొద్దు ఎంతయిందో చెప్పగలిగేదాన్ని. మధ్యమధ్య కాకిని తోలే కేక, పక్క వల మీద పనిచేసే పిన్నమ్మ ఎవరినో తిట్టే తిట్టు, దూరంగా ఇంజను. ఒక గుప్పెడు తిరగేసే లోపల ఒక లైను చదివేదాన్ని. అమ్మ చెయ్యి నడుస్తుంటే నా పెన్ను నడిచేది. దగ్గు వస్తే ఆగేది. దగ్గు తగ్గి చెయ్యి మళ్ళీ కదిలితే నేనూ కదిలేదాన్ని. నా గదిలో అక్క, "ఏం పాటలు వింటుండావే అట్టా మైమరిచి?" అని ఒకసారి వైరు లాగి తన చెవిలో పెట్టుకుంది. "ఏందిది, బియ్యం చెరగతా ఉండారా?" అంది.

ఒక మధ్యాహ్నం దగ్గు మొదలై ఆగలేదు. ఆగుతుందని చూశాను. ఆ దగ్గుతో చేపలు తిరగేసే చప్పుడు పూర్తిగా ఆగిపోయింది. ఎవరో నీళ్ళు తెమ్మని అరుస్తున్నారు. పుస్తకాలు అక్కడే వదిలేసి బస్సెక్కాను. నేను పోయేటప్పటికి అమ్మ ఇంటి ముందు కూర్చుని ఉంది, పెదవులు నీలంగా. నన్ను చూసి ఒక్కసారిగా నా మీద లేచింది.

"వచ్చేసినావా? ఒక దగ్గుకొక బస్సా?"

ఆసుపత్రికి పద అన్నాను. ససేమిరా అంది. అన్నను పిలిచి, దీన్ని రేపు పొద్దున బస్సెక్కించు అని చెప్పింది. ఇంకా పరీక్షకు నెల కూడా లేదని, ఇలా దగ్గు వచ్చినప్పుడల్లా నేను పుస్తకం మూస్తే ఆమె ఇన్నేళ్ళు ఎండలో కూర్చున్నదంతా బూడిదలో పోసినట్టేనని అంది. ఆ మాట నన్ను కోసేసింది. తలొంచుకుని బస్సెక్కాను. మాత్రలు మార్పిస్తానని అన్న మాటిచ్చాడు.

మాత్రలు మార్చినట్టే ఉంది. ఆ తర్వాత ఫోనులో దగ్గు వినపడటమే మానేసింది. గుప్పెడు వెంట గుప్పెడు, ఎక్కడా ఆగకుండా, పొద్దునంతా తిరగేసే చప్పుడు. సాయంత్రం అన్న ఫోనులో అమ్మ గొంతు బొంగురుగా ఉండేది. కాకుల్ని అరిచి అరిచి పోయిందంది. వెనకాల ఏవో చక్రాలు లాగిన చప్పుడు వస్తే అదేందమ్మా అన్నాను. "ఐసు పెట్టెలు లాగతా ఉండారు" అంది. అన్న రోజూ ఇంటిపట్టునే ఉంటున్నాడేమని అడిగితే, వల చినిగింది, బాగుచేసుకుంటున్నాడంది. నాలుగు మాటలు రెండయ్యాయి. "చదువుకో, ఉంటా" అని పెట్టేసేది.

నా సంతోషం చెప్పలేను. "మా అమ్మకు మందు పట్టిందక్కా!" అని గదిలో ఎగిరాను. మిఠాయి కొని హాలంతా పంచాను. ఇక ఆ రోజుల్లో నేను చదివిన చదువు నా జన్మలో చదవలేదు. పాఠం పాఠం మింగేశాను.

ఒక రోజు అల్పపీడనం పట్టి నెల్లూరులో ఒకటే వాన. హాలు అద్దాల మీద నీళ్ళు కారుతున్నాయి. నా చెవిలో మాత్రం గలగలమని బాగా ఎండిన నెత్తళ్ళ చప్పుడు. అక్క కిటికీ చూపించి, "మీ ఊర్లో వేరే సూర్యుడు ఉండాడా ఏంది?" అని నవ్వింది. మా వైపు అంతే, ఊరి ఇవతల కురుస్తుంది, అవతల ఎండ కాస్తుంది. నేనూ నవ్వి చదువులో పడ్డాను.

పరీక్షకు ముందు ఒకసారి వచ్చి చూసిపోతానంటే అమ్మ ఒప్పుకోలేదు. "రాసే రా. ముందొచ్చినావంటే నీ మొగం చూడను" అంది. సరేలే, ఇంకెన్ని రోజులు, రాసినాక తీసుకుపోయి ఆసుపత్రిలో చేరుస్తాను కదా అనుకున్నాను. ఏ వార్డులో చేర్చాలో, ఎవరిని అడగాలో కూడా ఆలోచించి పెట్టుకున్నాను. కోచింగుకు పోయేదారి పెద్దాసుపత్రి గేటు ముందునుంచే. రోజూ పోతూ ఒకసారి, వస్తూ ఒకసారి ఆ గేటును చూసేదాన్ని.

పరీక్ష ఊరి బయట ఒక కంప్యూటరు సెంటర్లో. బాగా రాశాను. రాస్తుండగానే తెలిసిపోయింది, వస్తుందని. బయటికొచ్చి బ్యాగులోంచి ఫోను తీసి, చెట్టు కింద నిలబడి, అమ్మకు చేశాను. ఎత్తింది. ఎప్పటిలాగే మాట లేదు. గంప కిందకు పెట్టిన చప్పుడు. ఆ వెంటనే గుప్పెడు నెత్తళ్ళు తిరగేసిన చప్పుడు.

"అమ్మా, అయిపోయింది. బాగా రాసినానమ్మా. ఇంక మాట్లాడచ్చులే, ఎత్తు."

చెయ్యి ఆగలేదు. ఇంకో గుప్పెడు. ఇంకోటి.

"అమ్మా, నీకే చెప్పేది. అయిపోయిందంటున్నా గదా!"

చప్పుడు ఆగింది. ఎవరో గంప తీశారు. ఏడుపు వినపడింది. మా అమ్మ ఏడుపు కాదు.

"అమ్మే, నేను" అంది పిన్నమ్మ. "మీయమ్మ ఈడ లేదు. నెల్లూర్లోనే ఉండాది, పెద్దాసుపత్రిలో. నువ్వు వచ్చిపోయిన నాటినుంచీ ఆడనే ఉండాది. మీ అన్న దగ్గరుండాడు. పరీక్ష అయ్యేదాకా చెప్పొద్దని మా అందరికాడా ఒట్టేయించుకునింది. పో బిడ్డా, నన్ను తర్వాత తిట్టుకుందువు, ముందు నువ్వు పో."

ఆటోలో ఏం చేశానో గుర్తులేదు. ఆ గేటు మాత్రం గుర్తుంది. రోజూ చూసిన గేటే.

వార్డు బయట అన్న నిలబడి ఉన్నాడు. గడ్డం పెరిగి మనిషి సగమయ్యాడు. చెంప మీద కొట్టాను. "ఒట్టేయించుకునింది" అన్నాడు వాడు, అదొక్కటే. లోపల అమ్మ మంచం మీద దిండ్లకు ఆనుకుని కూర్చుని ఉంది, మొహానికి ఆక్సిజన్ మాస్కు. ఒళ్ళంతా ఎండిపోయి పాదాలు మాత్రం ఉబ్బి ఉన్నాయి. పక్క మంచం దగ్గరికి చక్రాల బండి లాగుతున్నారు. ఆ చప్పుడు నాకు తెలుసు. ఐసు పెట్టెలు.

"నువ్వు మనిషివేనా?" అని అరిచాను. నర్సు వచ్చి నన్ను బయటికి పొమ్మంది. అమ్మ చెయ్యెత్తి ఆపి, మాస్కు పక్కకు లాగింది.

"రాసినావా?"

"ఎందుకు చేసినావమ్మా ఇట్టా?"

"రాసినావా చెప్పు."

"రాసినా. బాగా రాసినా."

"అట్టైతే సరే" అంది. మాస్కు మళ్ళీ పెట్టుకుంది. మా అమ్మ నాతో మాట్లాడిన చివరి మాట అదే. మర్నాడు మధ్యాహ్నం పోయింది.

నేను దగ్గరుంటే బతికేదని కాదు. చేరేటప్పటికే చెయ్యి దాటిపోయిందని డాక్టరు అన్నకు మొదటి రోజే చెప్పాడట. అయినా ఆ రోజులు నావి. కాళ్ళు ఒత్తాల్సిన రోజులు, గంజి తాగించాల్సిన రోజులు, ఏదో ఒకటి మాట్లాడుకోవాల్సిన రోజులు. నన్ను ఒక్కమాట అడగకుండా వాటిని తీసుకుపోయి పరీక్షకు పెట్టేసింది. మా వైపు ఇదొక పద్ధతి. పరీక్ష రాసే పిల్లకు చావు కబురు కూడా చెప్పరు, దాన్ని ప్రేమ అంటారు. అది ప్రేమేనని నాకూ తెలుసు. కోపం మాత్రం పోలేదు. ఉద్యోగం వచ్చిన రోజు అమ్మ ఫోటో ముందు అందరూ దీపం పెట్టి ఏడిస్తే, నేను పళ్ళు కొరుక్కుంటూ నిలబడ్డాను.

పెద్దదినం అయ్యాక పిన్నమ్మ అమ్మ ఫోను తెచ్చి నా చేతిలో పెట్టింది. పెట్టి పోలేదు, గడప మీదే కూలబడింది. నేను అడగకుండానే చెప్పుకొచ్చింది. ఆసుపత్రికి పోయేముందు అమ్మ ఆమెను వల దగ్గర కూర్చోబెట్టి నేర్పిందట. చాట నిండా ఎత్తొద్దు, గుప్పెడు గుప్పెడుగా తిప్పు. మధ్యలో ఆపొద్దు, ఆపితే అది బస్సెక్కుతుంది. ఎవరితోనూ మాట్లాడొద్దు. పిన్నమ్మకూ ఉప్పు దుమ్ముకు దగ్గు వస్తుంది. అది వచ్చినప్పుడు ఇంకో ఆవిడను తిప్పమని కూర్చోబెట్టి, తను పరిగెత్తి అలల దగ్గరకు పోయి దగ్గి వచ్చేదట. వాన రోజున పని లేదు. ఇంట్లో కూర్చుని, ఎండిపోయిన నెత్తళ్ళనే చాటలో పోసుకుని, ఫోను ముందు పొద్దస్తమానం తిప్పిందట. ఆమె చేతులు చూశాను. వేళ్ళ కొసలు పగిలి ఉన్నాయి.

"మీయమ్మకు ఒకటే భయం" అంది పిన్నమ్మ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. "నా బిడ్డకు నా చెయ్యి తెలుసు, వేరే చెయ్యి పడితే పసిగట్టేస్తదని. దినామూ మీ అన్నకు చేసి అడిగేదాన్ని, ఏమన్నా కనిపెట్టినట్టుందా అని. నిజం చెప్పమ్మే, నీకు ఒక్కనాడన్నా తెలిసిందా, అది మీయమ్మ చెయ్యి కాదని?"

నా మొహంలోకే చూస్తోంది. తెలిసిందని అబద్ధం చెప్పి ఆమె కష్టాన్ని తీసెయ్యలేను. నిజం చెబితే, నా బిడ్డకు నా చెయ్యి తెలుసన్న మా అమ్మ మాట ఏమవుతుంది?

"లేదు పిన్నమ్మా" అన్నాను. "ఒక్కనాడు కూడా తెలీలేదు."